తువ్వాలు కట్టిన మీటరు

మిషిమా
2025 జూన్ 21

మామయ్యకి,

ఇక్కడ వానలు మొదలై పది రోజులైంది. ఆరేసిన బట్టలు మూడు రోజులైనా ఆరడం లేదు. మీ కొండల్లో కొన్యాకు కంద మొలకెత్తి ఉంటుంది. నువ్వు నడుం వంచి కలుపు తీస్తూ ఉంటావు, వద్దన్నా వినవు.

మూడేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట ఇప్పుడు చెప్పొచ్చు. నిన్న పేపర్లో వచ్చేసింది కదా. షిగురే మళ్ళీ వస్తోంది. మా కంపెనీ ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆపేసిన షిగురే కారు, నీ షెడ్డులో నిగనిగలాడుతూ నిలబడ్డ షిగురే. అమ్మ పోయాక నన్ను మీ ఇంటికి తీసుకొచ్చింది ఆ బండిలోనేగా.

ఇంకో మాట. కొత్త బండికి గొంతు పెట్టింది నేనే. ఈ కాలం బండ్లలో ఇంజను చప్పుడు లోపలికి వినపడదు, సగం దూరం ఇంజనే ఆగిపోతుంది, మోటారు లాగుతుంది. అందుకని సీట్ల కింద స్పీకర్లు పెట్టి చప్పుడు పుట్టిస్తాం. గేరు మార్చినప్పుడు మారుతుంది, తొక్కినప్పుడు పెరుగుతుంది. మూడేళ్ళ కిందట బోన్ పండక్కి వచ్చి నీ షెడ్డులో రెండు రోజులు మైకులు పెట్టుకుని కూర్చున్నాను, గుర్తుందా? "ఏదో ఆఫీసు పనిలే" అన్నాను. ఆ పని ఇదే. కొత్త షిగురేలో వినపడేది నీ బండి గొంతు.

ఇప్పుడు నాకు భయంగా ఉంది. పత్రికల వాళ్ళు ఏం రాసినా పడతాను. కురోతాకి కనుమ షిగురే క్లబ్బులో ఉన్న మీ ఇరవైముగ్గురిని తలుచుకుంటేనే అన్నం సహించడం లేదు. అందులోనూ గారేజీ గొందో గారు. పాత బండి పేరు కొత్త బండికి పెడితే వాళ్ళ నాన్న పేరు వేరేవాళ్ళ కుక్కకి పెట్టినట్టు మాట్లాడతారు ఆయన.

ప్రెసిడెంటువి నువ్వు. వచ్చే నెల తొమియోక షోరూముకి బండి వస్తుంది. వెళ్ళి చూసి, విని, ఉన్నదున్నట్టు రాయి. తిట్లు ఉంటే తిట్లతో సహా రాయి.

నీ
షిహో

* * *

షిమోనిత
జులై 14

షిహోకి,

ఎండ నెత్తి మాడ్చేస్తోంది. కంద ఆకులు గొడుగుల్లా విచ్చుకున్నాయి. పోయిన ఆదివారం ఫోను మళ్ళీ మోగిందట, పక్కింటావిడ వచ్చి చెప్పింది, నువ్వే అయ్యుంటావు. ఫోను వద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు? అందులో నీ గొంతు దోమ పాటలా ఉంటుంది. ఉత్తరం రాయి. చేతికి పని, పోస్టతనికి జీతం.

చూశాం. పదకొండు పాత షిగురేలు వరసగా వెళ్ళి షోరూము ముందు ఆగేసరికి, గొడవకొచ్చామనుకుని అక్కడి అమ్మాయి లోపలికి పరిగెత్తింది.

తిట్లతో సహా రాయమన్నావు కనక రాస్తున్నాను. గొందో బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, "ఇదేంట్రా, షిగురే అన్నారు, ఇది షిగురేని మింగి అరక్క కూర్చున్న చేపలా ఉంది" అన్నాడు. లోపల తల పెట్టి లెక్కపెట్టాడు. "కాఫీ పెట్టుకునే చోట్లు నాలుగు. క్లచ్చి పెడలు సున్నా. శభాష్." తపాలా ఆఫీసులో రిటైరైన మియాతా వెనకవైపు చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. బాధతో కాదు, ఆ గుండ్రటి దీపాలు మళ్ళీ చూస్తాననుకోలేదట. "చచ్చిన మా ఆవిడ రంగు వేసుకుని తిరిగొచ్చినట్టుంది" అన్నాడు. "తిరిగొస్తే ఒప్పుకుంటావా?" అని గొందో. "ముందు లోపలికి రానిస్తాను, తర్వాత చూద్దాం" అని మియాతా. అందరం పడీ పడీ నవ్వాం.

ఇక గొంతు. స్పీకర్లలో పాడే బండిట అని గొందో దారి పొడుగునా ఎగతాళి చేశాడు. మీట నొక్కాక నోరు మూశాడు. నేను సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. అచ్చం నా బండే షిహో. రెండో గేరులోంచి మూడుకి పడేటప్పుడు గొంతు గరగరలాడుతుందే, అది కూడా. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. అందరూ చూశారు. చూడనీ.

నిజానికి చాలామందికి నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడానికి ఇంకో ఆరు నెలలు పడుతుంది, అంతే.

అసలు విశేషం. నవంబరు రెండో ఆదివారం, తొమ్మిదో తేదీ, మా కనుమ రోడ్డు దిగుడు ఉంది కదా. ఆ రోజుకి షోరూము వాళ్ళు కొత్త బండి ఇస్తామన్నారు. ఎప్పటిలాగే మీటరు మీద తువ్వాలు కట్టి దిగుతాం. కళ్ళు రోడ్డు మీద, వేగం సంగతి చెవి చూసుకుంటుంది. పక్కనున్నవాడు జీజో దేవుడి బొమ్మ మలుపు దగ్గర తువ్వాలు కొస ఎత్తి అంకె చదువుతాడు. ఉండాల్సిన యాభైకి రెండు మించి తేడా వస్తే ఆ రోజు అందరికీ ఊదోన్ నూడుల్స్ ఖర్చు నడిపినవాడిదే. నువ్వు ఎనిమిదో ఏట నా పక్కన కూర్చుని, కొస ఎత్తి "యాభై ఒకటి!" అని కొండంతా దద్దరిల్లేలా అరిచావు. ఈసారి నీ బండికి ఆ పరీక్ష. వస్తావా?

వేళకి తిను.

మామయ్య
తోకురో

* * *

మిషిమా
ఆగస్టు 30

మామయ్యకి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. కళ్ళు మూసుకున్నాను అన్న వాక్యం దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. మూడేళ్ళ పనికి ఆ ఒక్క వాక్యం చాలు అనుకున్నాను.

కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు. ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చించేశాను.

నవంబరులో కొత్త బండిని తువ్వాలు కట్టి దింపొద్దు. మీ పాత బండ్లకి ఎన్ని తువ్వాళ్ళైనా కట్టుకోండి. కొత్తదానికి మాత్రం వద్దు. దాన్ని నువ్వు నడపడం అసలే వద్దు.

ఎందుకని అడక్కు మామయ్యా. అడిగినా నేను రాయలేను. సంతకం పెట్టిన కాగితాలు ఉన్నాయి, బండి అమ్మకానికి వచ్చేదాకా లోపలి మాట బయటికి చెప్పకూడదు. చెప్పగలిగింది ఒక్కటే. పోయిన వారం ఒకటి చూశాను. చూసిన దగ్గర్నుంచి కనుమ రోడ్డే కళ్ళ ముందు మెదులుతోంది. ఒక వైపు కొండ, రెండో వైపు ఏమీ లేదు. ఎనిమిదో ఏట ఆ రోడ్డు మీద నాకు భయం వెయ్యలేదు, పక్కన నువ్వున్నావని. ఇప్పుడు నువ్వున్నావనే భయం వేస్తోంది.

నేను ఎల్లుండి ఉత్తరాది పరీక్షల ట్రాకుకి వెళుతున్నాను. నెల పైన పడుతుంది. అక్కడికి ఉత్తరాలు రావు, ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. సరేనని ఒక్క ముక్క ఇక్కడికి రాసి పెట్టు, వచ్చి చూసుకుంటాను.

నీ
షిహో

* * *

షిమోనిత
సెప్టెంబరు 9

షిహోకి,

ఎవరు మోశారు నీకు ఆ మాట?

గొందోకి తెలియదు. తెలిస్తే ఊరంతా చాటేవాడు. డాక్టరు చెప్పకూడదు. పక్కింటావిడే అయ్యుండాలి, తలుపు కొట్టి కొట్టి విసిగిపోయి నీకు చెప్పి ఉంటుంది. ఎవరైనా కానీ, నువ్వు నన్ను తిన్నగా అడగాల్సింది. కంపెనీ కాగితాలు, సంతకాలు అని డొంకతిరుగుడు ఎందుకు? నిన్ను పెంచింది నేను. నువ్వు సాకులు చెప్పేటప్పుడు వాక్యాలు ఎంత పొడుగవుతాయో నాకు తెలియదా?

విను. రెండేళ్ళుగా అలాగే దిగుతున్నాను. తువ్వాలు కట్టుకునే. ఒక్కసారి కూడా రెండు దాటలేదు. పోయినేడు నలభై తొమ్మిది, అంతకు ముందేడు సరిగ్గా యాభై. ఊదోన్ నేను పెట్టించి పన్నెండేళ్ళయింది. గొందో రెండు చెవులూ రిక్కించుకుని యాభై ఆరు తెచ్చాడు.

నన్ను ముసలివాణ్ణి చేసి మూల కూర్చోబెట్టాలని నీకుంటే ఆ మాట అను. నీ బండినే అడ్డం పెట్టుకుని అనకు. పాత బండికి పరవాలేదట, కొత్తదానికి పనికిరానట. అంటే నీ కొత్త బండిని ఈ ముసలాడు గోడకి కొట్టి పేపర్లో వేయిస్తాడనేగా?

నవంబరు తొమ్మిదిన అది నేనే నడుపుతాను. ప్రెసిడెంటు ముందు దిగడం మా పద్ధతి.

కందకి తెగులు తగలలేదు. ఆరోగ్యం జాగ్రత్త.

తోకురో

* * *

మిషిమా
అక్టోబరు 12

మామయ్యా,

నిన్న సాయంత్రం తిరిగొచ్చాను. డబ్బాలో నీ ఉత్తరం నెల రోజులుగా పడి ఉంది. చదివాను, ఏమీ అర్థం కాలేదు.

ఏ మాట? ఎవరు మోశారు? ఏ డాక్టరు? నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండేళ్ళుగా ఎలా దిగుతున్నావు నువ్వు? నాకేమీ తెలియకుండా నువ్వొక్కడివీ ఏం మోస్తున్నావో వెంటనే రాయి.

నేను నిన్ను ముసలివాడివని అనలేదు. ఇక సంతకాలు గంగలో కలవనీ, ఉన్నది రాసేస్తున్నాను. ఉద్యోగం పోతే వచ్చి నీ పొలంలో కంద తవ్వుకుంటాను.

మీ పాత బండి దిగుడులో మూడో గేరులో ఉంటే ఇంజను బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. చప్పుడు ఎలా ఉంటే పట్టు అలా ఉంటుంది. ఆ రెండూ ఒకటే కనకే మీరు చెవితో నడపగలుగుతున్నారు. కొత్త బండిలో పట్టి ఉంచేది మోటారు. పడుతున్నప్పుడు పుట్టే కరెంటు బ్యాటరీలోకి పోతుంది. దిగుడు పొడుగైతే బ్యాటరీ నిండిపోతుంది. ఇక కరెంటు పోవడానికి చోటుండదు, పట్టు సడలిపోతుంది. ఆ పని ఇంజను అందుకోవాలి, అందుకుంటుంది, కానీ నిటారు దిగుడులో కాసేపటిదాకా చాలదు. ఇదంతా ఒక ఎత్తు. నా గొంతు ఒక ఎత్తు. బండి జారిపోతున్నా స్పీకర్లు మాత్రం "మూడో గేరు, యాభై, అంతా బాగుంది" అని పాడుతూనే ఉంటాయి. ఎందుకంటే చెవికి ఇంపుగా ఉండాలని, ఆ గరగర మధ్యలో తెగకూడదని, నేనే అలా పెట్టాను.

ఆగస్టులో పరీక్షల కొండ మీద పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని వింటున్నాను. హాయిగా ఉంది. కళ్ళు తెరిచేసరికి మీటరు ఎనభై దాటింది.

మా ఆఫీసు పెద్దాయనకి చెప్పాను. "మీటరు ఎదురుగానే ఉంటుంది కదమ్మా. మీటరు చూడకుండా ఘాట్ రోడ్డు దిగేవాడు ప్రపంచంలో ఎవడైనా ఉంటాడా?" అన్నారు. ఇరవైముగ్గురు నాకు తెలుసు.

పొద్దున్న గొందో గారికి ఫోను చేశాను. నవ్వారు. "బాగానే నేర్పారమ్మా నీకు కంపెనీ వాళ్ళు. బండి పరీక్షలో తప్పుతుందని భయమేసి ముందే మెలిక పెడుతున్నారు. మీ మామయ్యే కళ్ళ నీళ్ళు పెట్టుకుని మెచ్చుకున్నాడు, ఆయన చెవి తప్పా?" అని పెట్టేశారు.

తొమ్మిదో తేదీకి ముందు రోజే వచ్చేస్తాను. నేను వచ్చేదాకా ఆ బండి ముట్టుకోకు. దణ్ణం పెడతాను.

షిహో

* * *

(కార్డు)

షిమోనిత
అక్టోబరు 20

షిహోకి,

ఉత్తరం అందింది. బాగా అర్థమైంది. కంగారు పడకు. ఆ రోజు కోపంలో ఏదో రాశాను, మనసులో పెట్టుకోకు. కంద తవ్వకం మొదలైంది, రెండు చేతులూ చాలడం లేదు. మిగతాది తీరిగ్గా రాస్తాను.

తోకురో

* * *

షిమోనిత
అక్టోబరు 31

షిహోకి,

ఇది నీకు మంగళవారం అందుతుంది. శని ఆదివారాలు మామూలు ఉత్తరాలు పంచరు, సోమవారం సెలవు. అది చూసుకునే ఇవాళ శుక్రవారం పోస్టు చేస్తున్నాను. మియాతాని అడిగి రూఢి చేసుకున్నాను కూడా. తిట్టుకో.

కనుమ రోడ్డుని ఐదో తేదీ నుంచి మూసేస్తారట, కొండచరియల పని. అందుకని దిగుడు ఈ ఆదివారానికి, రెండో తేదీకి, ముందుకు జరిగింది. నువ్వు ఇది చదివేసరికి మేం దిగిపోయి ఉంటాం.

డాక్టరు ఎవరని అడిగావు. చెవుల డాక్టరు. రెండేళ్ళ కిందట చలికాలంలో ఎడమ చెవి పోయింది, ఆ వసంతానికి కుడిది. నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన పడుకున్నవాడివి, ఇన్నాళ్ళు నిలవడమే గొప్ప అన్నాడు, కాగితం మీద రాసి. యంత్రం పెట్టుకుంటే గొడవ గొడవగా ఏదో తెలుస్తుంది, మాట తెలియదు. ఎవరికీ చెప్పలేదు. పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. గొందో ఎలాగూ ఎదుటివాణ్ణి మాట్లాడనివ్వడు కనక పని సులువు.

కనుమ దిగుడులో మాత్రం లెక్క తప్పలేదు. పిర్ర కింద సీటు చెబుతుంది, అరచేతుల్లో స్టీరింగు చెబుతుంది. అది చెవి వల్లే అని వాళ్ళనుకుంటారు, అనుకోనిచ్చాను.

ఇప్పుడు అసలు తప్పు చెబుతాను. షోరూములో నేను ఏమీ వినలేదు. మీట నొక్కిన అమ్మాయి మొహం చూశాను, గొందో నోరు మూసుకోవడం చూశాను, బాగుందని తెలిసింది. నువ్వు మూడేళ్ళు చేసిన పని అది. అది నాకు వినపడలేదని తెలిసేసరికి ఏడుపొచ్చింది. కన్నీళ్ళు నిజం షిహో, కారణం అబద్ధం.

ఆ అబద్ధమే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. నీ ఉత్తరం పట్టుకుని క్లబ్బు వాళ్ళందరినీ గారేజీలో కూర్చోబెట్టి చెప్పాను, ఆ బండి గొంతు నమ్మొద్దని. గొందో లేచి, "అదేంటి ప్రెసిడెంటూ, అచ్చం నా బండే అని అందరి ముందూ ఏడ్చింది నువ్వు కాదూ? అప్పుడు నిజమైన చెవి ఇప్పుడు అబద్ధమైందా? మేనకోడలు ఉత్తరం రాస్తే మాట మార్చేస్తావా?" అన్నాడు. మొత్తం పెదాల మీద చదివాను. నేను అది వినలేదురా, నేను చెవిటివాణ్ణి అంటే అయిపోయేది. అందరి మొహాలు చూస్తూ ఆ మాట అనడానికి ధైర్యం చాలలేదు.

"నీకు భయమైతే నేను నడుపుతాలే" అన్నాడు గొందో. నడుపుతాడు. వాడికి చెవులున్నాయి, నమ్ముతాడు, యాభై అనుకుంటూ ఎనభైలో జీజో మలుపులోకి పోతాడు. అందుకని ముందు నేనే దిగుతానని అన్నాను, పద్ధతి ప్రకారం. గొందో పక్కన కూర్చుంటాడు. ఆ బండి ఈ ఊళ్ళో మోసం చేయలేని మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడికి వినపడదు. ఎక్కడ సడలుతుందో సీటు చెబుతుంది, అక్కడ ఆపేసి వాళ్ళకి చూపిస్తాను.

ధైర్యంగా రాస్తున్నాననుకోకు. పాత బండి నా ఒళ్ళు ఎరుగును, ఇది ఎరగదు. నాకు చాలా భయంగా ఉంది. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను, నువ్వు ఆపేస్తావని ఆలస్యంగా పంపుతున్నాను.

షెడ్డు తాళం మియాతా దగ్గర ఉంది.

మామయ్య

* * *

మిషిమా
నవంబరు 4, మధ్యాహ్నం

మామయ్యా,

ఇప్పుడే అందింది. ఇవాళ మంగళవారం. నువ్వు దిగి రెండు రోజులైంది.

గారేజీకి ఫోను చేశాను, మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మియాతా గారి నంబరు, మీ పక్కింటావిడ నంబరు నా దగ్గర లేవు. షోరూముకి చేస్తే మంగళవారం సెలవట. పోలీసులకి చేశాను, ఏం అడగాలో తెలియలేదు, పేరు చెప్పి పెట్టేశాను. నీకు కూడా చేశాను. నీకు వినపడదని తెలిసీ చేశాను. ఇరవై సార్లు మోగనిచ్చాను. ఇన్నాళ్ళూ నువ్వు విసుక్కుని ఎత్తడం లేదనుకున్నాను, ఆ ఫోను నీ పక్కనే మోగుతుంటే నువ్వు అన్నం తింటూ ఉన్నావన్నమాట.

ఒకటిన్నర రైలు. ఇంకా నలభై నిమిషాలుంది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కిపోయేలా ఉంది.

నువ్వు నన్ను మోసం చేశావు. కోపంగా ఉంది. బతికి ఉంటే ఎదురుగా నిలబడి అరుస్తాను, వినపడకపోతే రాసి చూపిస్తాను. నువ్వు వినకుండా మెచ్చుకున్నందుకు కోపం లేదు. గొందో గారి కోసం నువ్వు ఎక్కినందుకు కోపంగా ఉంది. ఎక్కకపోతే ఆయన ఎక్కేవారు, అదీ తెలుసు. ఏం అనుకోవాలో తెలియడం లేదు.

ఆ గొంతు పెట్టింది నేను. నువ్వు కొండ దిగుతుంటే, నీ పక్కన కూర్చుని, అంతా బాగుందని అబద్ధం చెప్పింది నేనే. ఆ మాట నెత్తి మీద సుత్తిలా మోగుతోంది.

దీన్ని ఇక్కడి డబ్బాలోనే వేస్తున్నాను. నేను ముందు చేరతాను, ఇది తర్వాత చేరుతుంది. నీ ఇంటికి ఉత్తరం వస్తే నువ్వే తీసుకోవాలి. దయచేసి నువ్వే తీసుకో.

షిహో

* * *

తొమియోక ఆసుపత్రి
నవంబరు 15

షిహోకి,

ఉత్తరం నేనే తీసుకున్నాను. మియాతా మోసుకొచ్చి మంచం మీద పెట్టాడు. అప్పటికి నువ్వొచ్చి, నన్ను చూసి, కాగితం మీద అరిచేసి వెళ్ళి వారమైంది. అయినా చదివి మళ్ళీ తిట్లు తిన్నాను.

ఆ రోజు ఏం జరిగిందని నువ్వు అడిగితే తల తిప్పుకున్నాను. పక్క మంచం మీద గొందో ఉన్నాడు కదా. నిన్న వాడు ఇంటికెళ్ళాడు. ఇప్పుడు రాస్తాను.

మొదటి నాలుగు మలుపులు వెన్నలా దిగింది. మంచి బండి షిహో, ఆ మాట దాచకుండా చెబుతాను. ఐదో మలుపు దాటాక సీటు తేలికైంది. పడవ ఒడ్డు వదిలినప్పుడు ఉంటుందే, అలా. బ్రేకు తొక్కాను. గొందో వైపు చూస్తే వెనక్కి వాలి కూర్చుని, కళ్ళు సగం మూసుకుని, తల ఊపుతున్నాడు. పాట వింటున్నవాడి మొహం. వాడి చెవుల్లో మూడో గేరు ఉంది, నా పిర్ర కింద ఏమీ లేదు. ఆ మొహం చూశాక వేసిన భయం నా జన్మలో ఎరగను. తువ్వాలు లాగెయ్యమని అరిచాను. వాడు కొస ఎత్తాడు. పెదాలు చూశాను. ఎనభై ఆరు.

బ్రేకులు కాలిన వాసన వచ్చింది, పెడలు మెత్తబడింది. జీజో మలుపులో కుడి వైపు ఏముందో నీకు తెలుసు. ఎడమ వైపు కొండ గోడకి ఆనించి రాసుకుంటూ పోయాను. గొందోకి భుజం ఎముక విరిగింది, నాకు మోకాలు. బండి ఎడమ పక్క చర్మం ఒలిచినట్టయింది. మీ వాళ్ళకి క్షమాపణ చెప్పు.

మొన్న క్లబ్బు వాళ్ళందరూ వచ్చి మంచాల చుట్టూ నిలబడ్డారు. గొందో వాళ్ళకి మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు. "మూడో గేరేరా. నా చెవులతో విన్నాను. మెత్తగా, గట్టిగా పట్టుకుని దిగుతోంది. ఈయన ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. కొస ఎత్తితే ఎనభై ఆరు." తర్వాత నా వైపు తిరిగాడు. "నాకు మూడో గేరు వినపడుతుంటే నీకొక్కడికే ఎలా తెలిసింది ప్రెసిడెంటూ?"

"నాకు వినపడలేదు కాబట్టి" అన్నాను.

ముందు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. మియాతా నా వెనక్కి వెళ్ళి చేతులు చరిచాడట, నేను తిరగలేదు. గొందో చాలాసేపు మొహం అటు పెట్టుకుని పడుకున్నాడు. సాయంత్రం నర్సుని అడిగి కాగితం తెప్పించుకుని, కుడిచెయ్యి కదలదు కనక ఎడంచేత్తో, పిల్లల రాతలో రాసి ఇచ్చాడు. "రెండేళ్ళుగా నేను చెప్పిన జోకులేవీ వినలేదా?" లేదని తల ఊపాను. "మరి నవ్వావు కదా" అని రాశాడు. పడుకుని ఇద్దరం ఏడ్చాం. ముసలి వెధవలం.

లైసెన్సు తిరిగి ఇచ్చేస్తున్నాను. అది నీ కోసం కాదు, గొందో మొహం మళ్ళీ అలా చూడలేను.

కంపెనీలో ఏమైందో రాయి. నువ్వు బయటపెట్టినందుకు తీసేస్తారా? నాకు ఇప్పుడు ఆ భయం పట్టుకుంది.

మామయ్య

* * *

మిషిమా
డిసెంబరు 20

మామయ్యకి,

ఇక్కడ మంచు లేదు కానీ గాలి చర్మం కోస్తోంది. నీ మోకాలికి వేడి పట్టీ వేసుకుంటున్నావని గొందో గారు ఫోను చేసి చెప్పారు. రోజూ మీ ఇంటికి వచ్చి, జోకులు పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తున్నారట కదా. ఆయన రాత చదవడం కన్నా చెవుడే నయం అని నువ్వన్నావట. ఆ మాట కూడా ఆయనే చెప్పారు, గర్వంగా.

నన్ను తీసేయలేదు. నేనే వెళ్ళి చెప్పాను, బయటివాళ్ళకి ముందే రాశానని, ఆ బయటివాడు మా మామయ్యేనని, మోకాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడని. "మీటరు చూడకుండా దిగేవాళ్ళు ఉన్నారన్నమాట" అన్నారు మా పెద్దాయన. ఇంక్రిమెంటు ఆపారు, ఆపనీ. జనవరి నుంచి బయటికొచ్చే బండ్లన్నిటిలో మార్పు చేయాలన్నారు, షోరూముల్లో ఉన్నవాటిని వెనక్కి పిలిచారు.

మార్పు చేసే పని నాకే ఇచ్చారు. బ్యాటరీ నిండినప్పుడు మోగేలా గంట పెడదామన్నారు కొందరు, ఎర్రదీపం పెడదామన్నారు ఇంకొందరు. పదిహేను రోజులు అవన్నీ చేసి చూశాను. ఒక రోజు అన్నీ తీసేసి, ఇంకొకటి పెట్టాను. పట్టు సడలిన క్షణాన నా గొంతు ఆగిపోతుంది. నెమ్మదిగా తగ్గదు, ఇంపుగా తగ్గదు. టక్కున తెగిపోతుంది, అంతే. ఆ తర్వాత టైర్ల చప్పుడు, గాలి. అంతకు మించి ఏమీ ఉండదు.

మూడేళ్ళు పెట్టుకుని చేసినదాన్ని నా చేత్తో కోసేటప్పుడు ఎలా ఉందని అడిగితే, బాధేసింది. అబద్ధమెందుకు.

మొన్న గురువారం పరీక్షల కొండ మీద మా పెద్దాయనే నడిపారు, నేను పక్కన కూర్చున్నాను. ఆయనకి ఏం మార్చానో చెప్పలేదు. నిటారు దిగుడు మధ్యలో గొంతు తెగిపోయింది. ఆయన రెండు చేతులూ స్టీరింగుకి అతుక్కుపోయాయి, కాలు తనంతట తనే బ్రేకు మీదకి వెళ్ళింది. బండి ఆపి, చెమట తుడుచుకుని, నా వైపు తిరిగారు.

"ఏంటమ్మా ఇది, ఒక్కసారిగా అంత భయమేసింది" అన్నారు.

"వెయ్యాలండీ" అన్నాను.

నీ
షిహో